నివాళి ఆ ఇంటి గడప దాకా వెళ్లాలి



రేపు డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం. ఎన్‌సీసీ పిల్లలో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లో హుండీ పట్టుకుని మీ ఆఫీసుకో, మీ కాలేజీకో రావచ్చు. మీ చొక్కాకి ఓ చిన్న జెండా గుచ్చుతారు. అందులో మూడు రంగులుంటాయి. ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వాయుసేనకి. 1949 నుంచి ఏటా ఇదే రోజున ఈ జెండాలు పంచుతున్నారు. వచ్చిన విరాళం యుద్ధంలో దెబ్బతిన్నవారి, ప్రాణాలు పోగొట్టుకున్నవారి కుటుంబాలు నిలదొక్కుకోవడానికి, ఇప్పుడు విధుల్లో ఉన్నవారి సంక్షేమానికి, సర్వీసు ముగించుకుని వచ్చిన మాజీ సైనికుల బాగోగులకి వాడతారు. ఆ జెండా గుచ్చుకున్న ప్రతి ఒక్కరూ తమకు తెలియకుండానే ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక ఇంటికి కాస్త ఆసరా అవుతున్నారన్నమాట.

డిసెంబరు నెలంతా ఇలాంటి తేదీలే. 4వ తేదీ నౌకాదళ దినోత్సవం. 1971 యుద్ధంలో ఆ రోజు రాత్రి మన నావికులు కరాచీ ఓడరేవు మీద దాడి చేశారు. ఏటా ఆ రోజున విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర తూర్పు నౌకాదళాధిపతి పుష్పగుచ్ఛం ఉంచుతారు. విశాఖవాసులు ఈ మధ్యనే చూసి ఉంటారు. 16వ తేదీ విజయ్ దివస్. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు. ఈ రెండింటి నడుమ 9వ తేదీ ఉంది. దాన్ని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లో నౌక మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితో పాటే వెళ్లిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచి రాలేదు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఇది చరిత్ర. నేను మిమ్మల్ని తలుచుకోమంటున్నది ఆ 194 ఇళ్లను. ఇంటికి మనిషి రాలేదు, శవమూ రాలేదు. శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించే ఆచారం మనకి ఉంది. అలా జరిపించినా, గుమ్మంలో అడుగుల చప్పుడు వినబడితే తలెత్తి చూసే తల్లి చూడక మానదు. నావికులు తమ తోటివారికి నివాళి ఇచ్చేటప్పుడు పూలను నీళ్ల మీద వదులుతారు. సమాధి లేనివాడికి సముద్రమే సమాధి కనుక.

అమరులైన సైనికులను గౌరవించడం ఎలా అని అడిగితే, నాకు తోచే మొదటి మాట ఇదే. అమరుణ్ణి తలుచుకునే రోజు మనది కాదు, అతని ఇంటివారిది. మనం ఏ కార్యక్రమం తలపెట్టినా ముందు ఆ ఇంటికి వెళ్లి అడగాలి. ఫలానా రోజు సభ పెట్టాలనుకుంటున్నాం, మీకు ఇష్టమేనా? మీరు వస్తారా? రాలేమంటే మేమేమీ అనుకోం. ఈ మూడు మాటలు చాలు. వాళ్లు తిథి ప్రకారం ఆబ్దికం పెట్టుకుంటారు, మనం ఇంగ్లీషు తేదీ ప్రకారం వర్ధంతి జరుపుతాం. రెండూ ఒకే వారంలో పడితే ఇంట్లో కార్యం ఒకపక్క, వేదిక మీద సన్మానం ఒకపక్క ఉంటాయి. అప్పుడు తప్పుకోవలసింది మన సభే. వాళ్లు ముస్లింలైతే ఫాతిహా ఉంటుంది, క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూటం ఉంటుంది. పటానికి బొట్టు పెట్టవచ్చా, దీపం వెలిగించవచ్చా, కొబ్బరికాయ కొట్టవచ్చా అన్నది వాళ్లు చెప్పాలి. మన సైన్యంలో రెజిమెంట్లు సర్వధర్మ స్థలాలు పెట్టుకుని, అన్ని మతాల ప్రార్థనలకూ ఒకే కప్పు కింద చోటిస్తాయి. ఊరి సభకు ఆ పాటి ఇంగితం ఉంటే చాలు.

ఇక సభ సంగతి. మన ఊళ్లలో సంస్మరణ సభలు ఎలా జరుగుతున్నాయో మీరూ చూస్తున్నారు. నాయకుల బొమ్మలతో నిలువెత్తు ఫ్లెక్సీ కడతారు. దాని మూలన తపాలా బిళ్లంత సైనికుడి ఫొటో వేస్తారు. పది గంటలకి సభ అంటారు, ముఖ్య అతిథి పన్నెండున్నరకి వస్తారు. అప్పటిదాకా ఆ తల్లిదండ్రులు ఎండలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. చెవులు చిల్లులు పడేలా సినిమా పాటలు మోగుతాయి. ఆయన వచ్చాక నలుగురూ ఎగబడి శాలువా కప్పుతూ ఫొటో దిగుతారు. ఎవరో మైకు తెచ్చి తల్లి మూతి దగ్గర పెట్టి, అమ్మా, మీకెలా అనిపిస్తోందని అడుగుతారు. దయచేసి ఆ ప్రశ్న అడగకండి. ఏడిస్తే, ఏడవకూడదమ్మా, నువ్వు వీరమాతవి అని సముదాయించబోకండి. వీరమాత అయినంత మాత్రాన ఏడుపు రాదని ఎవరన్నారు? ఆమెను ఏడవనివ్వండి. పక్కన కూర్చుని మంచినీళ్ల గ్లాసు అందించండి.

అడగదగిన ప్రశ్న ఒకటుంది. మీ అబ్బాయి గురించి చెప్పండి అని అడగాలి. ఒక సంస్మరణ సభలో ఇలాగే అడిగితే, అంతవరకూ నోరు విప్పని తండ్రి లేచి మాట్లాడారు. కొడుకు సెలవు మీద వచ్చినప్పుడల్లా బోరు స్టార్టరు పెట్టె విప్పుకు కూర్చునేవాడట. అందులో చేరిన చీమలను దులిపి, కాలిన కాంటాక్టులను గరుకు కాగితంతో రుద్ది, మోటారు మళ్లీ నీళ్లు పోసేదాకా అన్నానికి వచ్చేవాడు కాదట. ఊళ్లో ఎవరి మోటారు ఆగినా, ఫలానావాడు సెలవుకి ఎప్పుడొస్తాడని అడిగేవాళ్లట. ఈ మాటలు విన్నాక సభలో ఉన్న రైతులు ఒక్కొక్కరే, అవును, మా మోటారూ వాడే బాగుచేశాడు అనడం మొదలుపెట్టారు. వీరమరణం, త్యాగధనుడు, భరతమాత ముద్దుబిడ్డ అని అప్పటిదాకా సాగిన ఉపన్యాసాల్లో కనబడని మనిషి అప్పుడు కనబడ్డాడు. ఆయన దేశం కోసం ఏమి వదులుకున్నాడో కూడా అప్పుడే అర్థమైంది. ఆ పొలం, ఆ మోటారు, ఆ అన్నం, ఆ నాన్న.

మౌనం పాటించడంలోనూ ఒక పద్ధతి ఉంది. రెండు నిమిషాలని ప్రకటించి, పదిహేను సెకన్లకే గొంతు సవరించుకుని థాంక్యూ అనేస్తున్నాం. ఒకరు గడియారం చూసుకోవాలి. సెల్‌ఫోన్లు ముందే ఆపించాలి. సైన్యం ఈ పని ఎలా చేస్తుందో చూసినవారికి తెలుస్తుంది. పుష్పగుచ్ఛం ఉంచుతారు. శోక్ శస్త్ర్ అని ఆజ్ఞ వినబడుతుంది. జవాన్లు తుపాకుల మొనలు నేలవైపు తిప్పి తలలు వంచుతారు. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వాయిస్తారు. దండులో పగటి పని ముగిసిందని చెప్పే బాణీ అది. తర్వాత నిశ్శబ్దం. ఆపైన మేలుకొలుపు బాణీ. ఇందులో ఒక్క ఉపన్యాసం ఉండదు. బ్యూగిల్ లేని ఊళ్లో ఆ వరుసను అనుకరించనక్కర్లేదు. పౌరులం మనం చేతులు జోడిస్తే చాలు. మిలిటరీ సెల్యూట్ కొట్టాలన్న నియమమేమీ లేదు. ఊళ్లో మాజీ సైనికుడుంటే ఆయన్ని ముందుకు పిలవండి, ఆ సెల్యూట్ ఆయన చేస్తారు.

జాతీయ జెండా విషయంలో మాత్రం నియమాలు తెలుసుకునే చేయాలి. పార్థివ దేహం మీద జెండా కప్పినప్పుడు కాషాయం రంగు తల వైపు ఉండాలి. చితి మీద పెట్టేముందు, గోతిలో దించేముందు జెండాను తీసేయాలి. దాన్ని కాల్చకూడదు, పూడ్చకూడదు. మడిచి కుటుంబానికి అప్పగిస్తారు. జెండాను సగానికి దించి ఎగరేయడం ఎవరికి వారు నిర్ణయించుకునేది కాదు, ప్రభుత్వం ఆదేశించాలి. ఆదేశం వచ్చినప్పుడు కూడా ముందు స్తంభం కొన దాకా ఎగరేసి, అప్పుడు సగానికి దించాలి. ఇక పిల్లల చేతికి ఇచ్చిన కాగితం జెండాలు సభ అయ్యాక కాళ్లకింద నలుగుతుంటాయి. వాటిని ఏరి తీసుకెళ్లే బాధ్యత ఒకరిద్దరు కుర్రాళ్లకి ముందే అప్పగించాలి.

ఇప్పుడు పేర్ల సంగతి చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు, లక్షల మంది భారతీయ సైనికులను తీసుకెళ్లారు. వారిలో మద్రాసు సాపర్ల దళం, అంటే సైనిక ఇంజనీర్ల దళం కూడా ఉంది. తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. చనిపోయినవారి కోసం బస్రాలో బ్రిటిష్ వారు పెద్ద స్మారకం కట్టారు. దాని మీద అధికారుల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిల దగ్గరికి వచ్చేసరికి ఫలానా దళంలో ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఇలా జాతిని బట్టి చూపిన వివక్షకు బ్రిటిష్ ప్రభుత్వం 2021లో పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. అంటే వంద సంవత్సరాలు గడిచాక. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో తెలియకుండా ఆ సిపాయి అన్నేళ్లూ ఒక అంకెగా మిగిలిపోయాడు. ఇంతకంటే అగౌరవం నేను ఊహించలేను.

ఢిల్లీలో ఇండియా గేటు పక్కన 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకానికి వెళ్లినవారు త్యాగ చక్రం గోడలు చూసి ఉంటారు. స్వతంత్ర భారతంలో ప్రాణాలర్పించిన 25 వేల పైచిలుకు సైనికుల పేర్లు గ్రానైట్ పలకల మీద విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్క పేరుకి ఒక్కొక్క పలక. వెతుక్కుంటూ వచ్చిన బంధువులు పేరు దొరికాక ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముతారు. అక్కడ రోజూ సాయంత్రం పొద్దుగూకే వేళ అమరుడైన ఒక సైనికుడి కుటుంబ సభ్యుల చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. దేశం కట్టుకున్న స్మారకంలోనే ఆ స్థానం కుటుంబానికి ఇచ్చారంటే, మండల స్థాయి సభలో మొదటి దండ ఎవరు వేయాలన్న తగువు రానే రాకూడదు.

పేరు చెక్కి నిలబెట్టడం మన నేలకి కొత్త కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి ఛాయాస్తంభాలు దొరికాయి. పదిహేడు వందల ఏళ్ల కిందటివి. రాజులకే కాదు, యుద్ధంలో పడిపోయిన యోధులకూ అలాంటి స్తంభాలు నిలిపారు. రాయలసీమలో, తెలంగాణలో పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద వీరగల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఊరి ఆవుల మందను దొంగల నుంచి కాపాడుతూ చనిపోయినవారికి నిలిపిన రాళ్లు కూడా అందులో ఉన్నాయి. పల్నాటి కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను మోసుకుని ఊరూరి నుంచి వస్తారు. మందపోరు నాడు కులభేదం లేకుండా కలిసి చాపకూడు తింటారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి పల్నాటి యుద్ధంలో చనిపోయినవారిని ఆ ప్రాంతం తమ ఇంటి మనుషుల్లా తలుచుకుంటోంది, వారి పేరు చెప్పి ఒకే పంక్తిలో అన్నం తింటోంది. వీరుణ్ణి తలుచుకోవడానికి ఇంతకు మించిన పద్ధతి వేరే దేశం నుంచి మనం తెచ్చుకోనక్కర్లేదు.

సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు పేరు మనందరికీ తెలుసు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 16వ బిహార్ రెజిమెంటు కమాండింగ్ అధికారి అయ్యారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో అమరులయ్యారు. మహావీర చక్ర పొందారు. ఆ రాత్రి ఆయనతో కలిపి మొత్తం 20 మంది చనిపోయారు. మిగతా 19 మంది పేర్లు మనలో ఎందరికి తెలుసు? వాళ్లు బిహార్, పంజాబ్, ఒడిశా, తమిళనాడు ఇలా ఎన్నో రాష్ట్రాల వాళ్లు. తన వెంట నడిచినవారిని మరిచి తననొక్కణ్ణే తలుచుకుంటే ఏ సేనానీ సంతోషించడు. జూన్ 15న మన బడుల్లో ఆ 20 పేర్లూ చదివితే రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. చదవబోయే పిల్ల ముందురోజే సాధన చేయాలి. పేరు తప్పు పలికితే వినే తండ్రికి ఎక్కడ తగులుతుందో చెప్పలేం.

2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో అగ్నివీర్ మురళీ నాయక్ చనిపోయినప్పుడు, శ్రీసత్యసాయి జిల్లాలోని కల్లి తండా పేరు దేశమంతా వినబడింది. అంతిమయాత్రకు జనం తరలివచ్చారు. అలా రావడం మంచిదే. కాని పదకొండో రోజు దాటాక, నెల మాసికం దాటాక, సంవత్సరం గడిచాక ఆ ఇంటి వాకిట్లోకి ఎవరు వస్తారన్నది అసలైన లెక్క. ఇది ఆ ఒక్క ఊరి సంగతి కాదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరు పడ్డ ఊరుంది. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లిన ఊరు. అక్కడ సైనికుడి ఇల్లంటే ఏమిటో చుట్టుపక్కల వాళ్లకి తెలుసు. ఊరికి ఒక్కరే సైన్యంలో చేరిన చోట ఆ ఇంటివారి బాధ పంచుకోవడానికి, పెన్షను కాగితాల సంగతి చెప్పడానికి ఎవరూ ఉండరు.

సైనికుడి భార్య గురించి ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. సభ రోజున ఆమెను వీరనారి అని పిలిచి వేదిక ఎక్కిస్తాం. శాలువా కప్పుతాం. మర్నాడు పక్కింట్లో పెళ్లయితే పేరంటానికి పిలవం. ఎదురొస్తే అపశకునం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పాతికేళ్ల పిల్ల బొట్టు పెట్టుకున్నా, రంగు చీర కట్టుకున్నా, చదువుకోవడానికి పట్నం వెళ్లినా, మళ్లీ పెళ్లి ఆలోచన చేసినా ఊరంతా లెక్కలు కడుతుంది. పరిహారం డబ్బు ఎవరి చేతికి వచ్చింది, అత్తగారింటికా, పుట్టింటికా అని అరుగుల మీద పంచాయితీలు నడుస్తాయి. ఆమె భర్త దేశం కోసం చనిపోయాడని ఒప్పుకున్నవాళ్లం, ఆమె బతుకు మీద మాత్రం మనకి హక్కుందనుకుంటున్నాం. ఆ సైనికుణ్ణి నిజంగా గౌరవించాలనుకునే ఇల్లాళ్లు ముందుగా చేయాల్సింది ఆమెకు బొట్టు పెట్టి తమ ఇంటి శుభకార్యానికి పిలవడం. పెళ్లిపీటల దగ్గర ముందు వరసలో కూర్చోబెట్టడం. వెయ్యి ఫ్లెక్సీలు కట్టినా ఆ పిలుపుకి సాటి రావు.

పిల్లల విషయమూ అంతే. బళ్లో వాళ్లను చూసి జాలిపడే మాటలు వద్దు. వేషం వేయించి తండ్రి మరణాన్ని స్టేజీ మీద నటింపజేయడం అసలే వద్దు. ఫీజు కట్టే తేదీ, స్కాలర్‌షిప్ దరఖాస్తు, కాలేజీలో సైనికుల పిల్లల కోటా, ఇవి తెలిసిన మాస్టారు వాళ్లకి కావాలి.

పోలీసులను, కేంద్ర బలగాలను మరిచిపోకూడదు. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయారు. అందుకే అక్టోబరు 21 పోలీసు సంస్మరణ దినం అయింది. సరిహద్దు మంచులో పడ్డా, అడవి బాటలో మందుపాతర మీద పడ్డా తల్లికి ఒకటే.

విగ్రహం పెట్టినవారికి ఒక విన్నపం. పెట్టిన నాటి శ్రద్ధ ఏడాది పొడుగునా ఉండాలి. వాడిన దండను మర్నాడే తీసేయాలి. చుట్టూ గడ్డి కోయించాలి, శిలాఫలకం మీద అక్షరాలు చెరిగితే రంగు దిద్దించాలి. దాని మెట్ల మీద కూర్చుని పేకాడే వాళ్లుంటే పెద్దమనుషులు మందలించాలి. ఈ పనిని ఊరి బడిలో తొమ్మిదో తరగతికి అప్పగిస్తే, ఏటా కొత్త పిల్లలు ఆ పేరు చదువుతూ పెరుగుతారు.

రేపు హుండీ మీ దగ్గరికి వస్తే మీ శక్తికొద్దీ వేయండి. రాకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. ఈ నిధికి ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా ఉంది. జవాన్ల పేరు చెప్పి రసీదు లేకుండా వసూలు చేసేవాళ్లకి ఇవ్వకండి. ఆ కార్యాలయంలోనే మరో మాట అడగండి. మీ మండలంలో అమరులైన సైనికుల కుటుంబాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాళ్లకి ఇప్పుడు ఏం అవసరం ఉంది? ఒకరికి పెన్షను కాగితాల మీద సంతకాలు కావాల్సి ఉండవచ్చు. ఒకరికి ఆస్పత్రికి తోడు వెళ్లే మనిషి కావాల్సి ఉండవచ్చు. ఒక ముసలి తండ్రికి ఆగిపోయిన బోరు మోటారు బాగుచేసేవాడు కావాల్సి ఉండవచ్చు. అందులో మీకు చేతనైనది ఏదో చూసుకుని, ఈ ఆదివారమే బయల్దేరండి. వెళ్లేముందు ఫోన్ చేసి, రావచ్చా అని అడగండి.